అన్నం ఇసుకలా ఉందంటోంది అమ్మ: కీమోలో నోటి రుచి పోయినప్పుడు ఏం పెట్టాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారికి 56 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్. మూడు వారాలకోసారి ఎక్కించే ఎర్ర మందు (డాక్సోరుబిసిన్ అనే ఎర్ర రంగు కీమో మందు) రెండు సైకిళ్లు, అంటే రెండు విడతలు, అయ్యాయి. నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టు ఉందని, అన్నం ఇసుక నమిలినట్టు ఉందని, ఉప్పు తెలియడం లేదని, కాఫీ వాసనకే కడుపులో తిప్పుతోందని అంటున్నారు. 58 కిలోల మనిషి 54కి వచ్చారు. బంధువులు పంచదార మానమంటున్నారు, పాలు మానమంటున్నారు, జింక్ మాత్రలు వేయమంటున్నారు. మీరు పొద్దున్నే లేచి ఆవిడకి ఇష్టమైనవన్నీ వండుతుంటే ఆవిడ పళ్లెం పక్కకి నెట్టేస్తున్నారు. "నాకు వంటే రావడం లేదేమో అనిపిస్తోంది" అని రాశారు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నేను 18 ఏళ్లుగా హైదరాబాద్‌లో కీమో డే కేర్ వార్డులో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మా నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చినప్పుడు ఇంట్లో ఆయనకి వండిపెట్టింది కూడా నేనే. కాబట్టి మీరు రాసినదాన్ని రెండు వైపుల నుంచీ చూశాను. మీ వంటలో ఏ లోపమూ లేదు. మీరు వండుతున్నది ఆరు నెలల కిందటి అమ్మగారి నాలుకకి. ఇప్పుడు ఆవిడకున్న నాలుక వేరు. పైగా అది సైకిల్‌లో మూడో రోజు ఒకలా, పన్నెండో రోజు ఇంకోలా ఉంటుంది. ఆవిడకి ఏది ఇష్టమో మీకు తెలుసు అనుకోవడం కొన్నాళ్లు పక్కనపెట్టి, ఈ నాలుకకి ఇవాళ ఏది పడుతుందో కొత్తగా కనుక్కోవాలి.

ముందు ఇలా ఎందుకవుతుందో చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. నాలుక మీద రుచి తెలిపే కణాలు ఎక్కువ రోజులు బతకవు. సుమారు 10 రోజులకోసారి పాతవి పోయి కొత్తవి వస్తుంటాయి. కీమో మందు త్వరగా పెరిగే కణాలన్నిటినీ దెబ్బ కొడుతుంది. క్యాన్సర్ కణాలతో పాటు జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, రుచి కణాలు కూడా ఆ దెబ్బ తింటాయి. కొత్తవి పుట్టే లోపే పాతవి పోతాయి కాబట్టి నోరు చప్పబడుతుంది. దానికి తోడు లాలాజలం తగ్గుతుంది. తడి లేని నోట్లో పదార్థం కరగదు, కరగనిది నాలుకకి తెలియదు. అన్నం ఇసుకలా ఉందని ఆవిడ అంటున్నది ఊరికే పోలిక కోసం కాదు, నిజంగానే అలా ఉంటుంది. ఇక ఆ ఇనుప రుచి చాలామందికి మందు ఎక్కుతుండగానే మొదలవుతుంది. ఎర్ర మందుతో పాటు ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్ కానీ, వేరేవాళ్లకి ఇచ్చే సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్, డోసిటాక్సెల్ కానీ ఈ విషయంలో పేరు పడ్డ మందులే.

వాసన సంగతి జనం మర్చిపోతారు. జలుబు చేసినప్పుడు ఆవకాయ కూడా ఉత్త కారంగా ఉంటుంది గుర్తుందా? మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద భాగం ముక్కు చేసే పని. కీమోలో ముక్కు కూడా మారిపోతుంది. కొన్ని వాసనలు అసలు తెలియవు, కొన్ని పదింతలై కొడతాయి. కాఫీ, ఉల్లిపాయ వేగే వాసన, కుక్కర్ విజిల్‌తో వచ్చే ఆవిరి, మాంసం ఉడికే వాసన, సాంబ్రాణి, ఫినాయిల్, తలనూనె, ఇవన్నీ నా వార్డులో రోజూ వినేవే.

21 రోజుల సైకిల్‌లో ఇది ఎలా నడుస్తుందో చూడండి. మందుతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల మొదటి రెండు మూడు రోజులు ఒక్కోసారి ఆకలి బాగానే ఉంటుంది. అది ఆగగానే ఒక్కసారిగా పడిపోతుంది. మూడో రోజు నుంచి పదో రోజు దాకా నోరు బాగా పాడవుతుంది. ఆ తర్వాత మెల్లగా తేరుకుని, మూడో వారంలో చాలామందికి రుచి కొంతైనా తిరిగొస్తుంది. ఇంట్లోవాళ్లు ఎక్కువమంది చేసే పొరపాటు, బాగా లేని వారంలో బలవంతంగా పెట్టడం, బాగున్న వారంలో "హమ్మయ్య, తింటోంది" అని ఊరుకోవడం. దీన్ని తిప్పండి. మొదటి పది రోజులు బరువు మరీ జారిపోకుండా చూసుకుంటే చాలు. మూడో వారంలో గుడ్డు, పప్పు, పనీర్, చేప, నెయ్యి, ఏది పడితే అది రెండింతలు పెట్టండి. బరువు పుంజుకునే అవకాశం ఆ వారమే ఎక్కువ.

ఇప్పుడు నోటి సంగతి. వంట కన్నా ముందు నోరు శుభ్రం కావాలి. చాలామంది దీన్ని చిన్న విషయమని వదిలేస్తారు, కానీ నా అనుభవంలో అన్నిటికన్నా త్వరగా తేడా కనిపించేది ఇక్కడే. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా వంట సోడా కలిపి సీసాలో పెట్టుకోండి. ఏ రోజుది ఆ రోజే కలపాలి. తినే ముందు ఒకసారి, తిన్నాక ఒకసారి, పడుకునే ముందు ఒకసారి ఆ నీళ్లు నోట్లో బాగా తిప్పి ఉమ్మేయాలి, మింగకూడదు. తినే ముందు పుక్కిలించడం ముఖ్యం. నోట్లో పేరుకున్న చేదు, జిగురు పోయి తొలి ముద్ద కాస్త తెలుస్తుంది. బజారులో దొరికే మౌత్‌వాష్‌లలో ఆల్కహాల్ ఉన్నవి వద్దు, నోరు ఇంకా ఎండిపోతుంది. బ్రష్ పసిపిల్లలకి వాడే మెత్తటిది తీసుకోండి. స్టీల్ నాలుక బద్దతో గీకడం ఈ కొన్ని నెలలు ఆపించండి, వేప పుల్ల, పళ్లపొడి కూడా. నాలుకని అదే బ్రష్‌తో మెల్లగా తుడిస్తే చాలు. కట్టుడు పళ్లు ఉంటే రాత్రి తీసేసి కడిగిపెట్టాలి.

రోజూ ఒకసారి టార్చ్ వేసి ఆవిడ నోరు చూడండి. నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లా తెల్లటి మచ్చలు కనిపిస్తే అది ఫంగస్. రుచి పోవడానికి అదే పెద్ద కారణం కావచ్చు. మందు వేస్తే కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. నాలుగు రకాల కూరలు మార్చి మార్చి పెట్టి విసిగిపోయిన ఒకావిడ, తల్లి నోరు ఎప్పుడూ చూడలేదని నాతో అన్నారు. చూస్తే నాలుకంతా తెల్లగా ఉంది. డాక్టర్ మందు రాశాక వారంలో తల్లి చారన్నం తినగలిగారు. అందుకే రెసిపీలు అడిగినవాళ్లకి కూడా నేను ముందు టార్చ్ సంగతే చెబుతాను.

ఇక తిండి. నేను ఇంట్లోవాళ్లతో చేయించే ఒక పని ఉంది, దానికి ఐదు నిమిషాలు పడుతుంది. మెత్తగా ఉడికిన ముద్దపప్పు చిన్న గిన్నెలో తీసుకుని నాలుగు చెంచాల్లో పెట్టండి. ఒకదాంట్లో నాలుగు చుక్కల నిమ్మరసం, ఇంకోదాంట్లో చిటికెడు ఉప్పు ఎక్కువ, మూడోదాంట్లో కాస్త బెల్లం, నాలుగోదాంట్లో నెయ్యి, వేయించిన జీలకర్ర పొడి. కాచి చల్లార్చిన నీళ్లతో మధ్యమధ్యలో నోరు పుక్కిలిస్తూ నాలుగూ నాలుక మీద పెట్టుకుని ఏది కాస్త నయమో చెప్పమనండి. బాగుందా అని అడగొద్దు, ఏదీ బాగుండదు. ఏది తక్కువ ఇబ్బందిగా ఉంది అని అడగండి. ఈ పని సైకిల్‌లో నాలుగో రోజు, తొమ్మిదో రోజు, పదహారో రోజు చేసి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండు సైకిళ్లకి మీ అమ్మగారి నాలుక పద్ధతి మీకు తెలిసిపోతుంది. ఆ తర్వాత వచ్చే సైకిల్‌కి మీరు ముందే సిద్ధంగా ఉంటారు.

చెంచాల్లో ఏం తేలిందో దాన్ని బట్టి మిగతా వంట మార్చండి. చప్పగా ఉందంటే పులుపు చాలా సాయం చేస్తుంది. ఉప్పు తెలియడం లేదని గుప్పెడు ఉప్పు వేయక్కర్లేదు, ముఖ్యంగా బీపీ ఉంటే. కాస్త నిమ్మరసం పిండితే ఉన్న ఉప్పే ఎక్కువగా తెలుస్తుంది. నిమ్మకాయ పులిహోర, టమాటా చారు, చింతచిగురు పప్పు, మామిడికాయ పప్పు, మజ్జిగ పులుసు, ఉసిరికాయ పచ్చడి పెరుగులో కలిపి పెట్టడం, ఇవన్నీ మన ఇళ్లలో ఉన్నవే. జ్వరం తగ్గినవాళ్లకి మన పెద్దవాళ్లు చారు, నిమ్మకాయ ముక్క పెట్టేవాళ్లు కదా, అందులో తెలివి ఉంది. కానీ ఒక షరతు: నోరు పూసి ఉంటే పులుపు, కారం, ఊరగాయ ఏవీ వద్దు, మంటకి ఆవిడ తిండంటేనే భయపడతారు. ఆ రోజుల్లో చల్లటి పెరుగన్నం, పెసరకట్టు, పాలల్లో నానిన ఇడ్లీ, రాగి జావ, కస్టర్డ్ లాంటి మెత్తటివి.

ఇనుప రుచి, చేదు ఎక్కువగా ఉంటే చిటికెడు బెల్లం, ఒక చెంచా నెయ్యి లేదా కొబ్బరిపాలు ఆ గరుకుని తగ్గిస్తాయి. తీపి వెగటుగా ఉంటే అందులో రెండు చుక్కల నిమ్మరసం, చిటికెడు ఉప్పు. అందుకే కొందరికి పాయసం నోట పెట్టలేకపోయినా ఉప్పు, జీలకర్ర వేసిన మజ్జిగ దిగుతుంది. పాలు వెగటైతే పెరుగు, పెరుగు వెగటైతే పనీర్ తురుము ఉప్మాలో. పదార్థం ఒకటే అయినా రూపం మారితే నాలుక ఒప్పుకుంటుంది.

స్టీల్ కంచం, స్టీల్ గ్లాసు, స్టీల్ చెంచా కొన్నాళ్లు ఎత్తిపెట్టండి. ఇనుప రుచి ఉన్నవాళ్లకి ఇది నిజంగా తేడా చేస్తుంది. పింగాణీ ప్లేటు, గాజు గ్లాసు, చెక్క చెంచా వాడండి. శుభ్రంగా కడిగిన అరిటాకు ముక్కలో పెడితే ఇంకా మంచిది. మా నాన్నగారు స్టీల్ గ్లాసులో మంచినీళ్లు కూడా తాగలేకపోయేవారు, అవే నీళ్లు గాజు గ్లాసులో తాగారు. నీళ్లే చేదుగా ఉన్నాయంటే పుదీనా ఆకులు, జీలకర్ర వేసి మరిగించిన నీళ్లు, బార్లీ నీళ్లు, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు మార్చి మార్చి ఇవ్వండి. డాక్టర్ నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే అన్నీ కలిపి రోజుకి రెండు లీటర్లు లోపలికి వెళ్లేలా చూడండి. ఎర్ర మందు, సైక్లోఫాస్ఫమైడ్ ఎక్కిన రెండు రోజులు ఇది మరీ ముఖ్యం.

వాసనకి మందు చల్లారబెట్టడమే. పొగలు కక్కే అన్నం నుంచి వాసన ఎక్కువ వస్తుంది. గోరువెచ్చగానో, మామూలు చల్లదనంలోనో పెడితే ముక్కుకి తక్కువ తెలుస్తుంది. ఆవిడ పడుకున్నప్పుడో, బయట వరండాలో కూర్చున్నప్పుడో వంట ముగించండి. తిరగమోత పెట్టే ముందు వంటింటి తలుపు వేయండి. కుక్కర్ మూత ఆవిడ ముందు తీయొద్దు. జావ, మజ్జిగ లాంటివి మూత ఉన్న గ్లాసులో స్ట్రాతో ఇస్తే వాసన తగలదు.

చల్లటివి అన్నాను కదా, ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది చదివే మరెవరికైనా ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఎక్కుతుంటే ఐసు, ఫ్రిజ్ నీళ్లు, చల్లటి మజ్జిగ ఏవీ తాకకూడదు. ఆ మందు ఎక్కాక కొన్ని రోజుల పాటు చల్లటిది తగిలితే గొంతు బిగుసుకుపోయినట్టు, వేళ్లలో కరెంటు కొట్టినట్టు ఉంటుంది. మా నాన్నగారికి ఇచ్చింది అదే, ఆయన మంచం పక్కన ఎప్పుడూ గోరువెచ్చటి నీళ్ల ఫ్లాస్కు ఉండేది. మీ అమ్మగారి మందుకి ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. నాన్నకి నాటుకోడి పులుసంటే ప్రాణం. రెండో కీమో అయిన సాయంత్రం, పాపం నీరసంగా ఉన్నాడని, ఇంటికి రాగానే అదే వండి పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నారు. రాత్రి పది గంటలకి వాంతులు మొదలయ్యాయి. కారణం మందే, పులుసుకి సంబంధం లేదు. కానీ ఒంటికి ఆ తేడా తెలియదు. ఆ రాత్రి తర్వాత మూడేళ్లు ఆయన ఆ పులుసు వాసన భరించలేకపోయారు. పక్కింట్లో వండినా లేచి బయటికి వెళ్లిపోయేవారు. అప్పటికే ఈ ఉద్యోగంలో ఎన్నో ఏళ్లు ఉన్న నేను, ఆయనకి జీవితంలో ఉన్న కొద్దిపాటి ఇష్టాల్లో ఒకదాన్ని నా చేతులతోనే తీసేశాను. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

దీని మీద పరిశోధన ఉంది. 1978లో అమెరికాలో ఇలీన్ బెర్న్‌స్టీన్ అనే శాస్త్రవేత్త కీమో తీసుకునే పిల్లలకి, మందు ఎక్కించే ముందు కొత్త రుచి ఉన్న ఐస్‌క్రీమ్ ఇచ్చి చూశారు. తర్వాత మళ్లీ అదే ఇస్తే ఆ పిల్లల్లో చాలామంది వద్దన్నారు. వికారం కలిగించింది మందే అయినా మెదడు ఆ నేరం తిండి మీద వేస్తుంది. తర్వాత ఆవిడ బృందం ఇంకో పని చేసింది. భోజనానికి, మందుకి మధ్య ఘాటైన, అలవాటు లేని రుచి గల మిఠాయి బిళ్ల చప్పరించడానికి ఇచ్చారు. మెదడు ఆ వెగటుని బిళ్ల మీద వేసింది, భోజనం చాలావరకు తప్పించుకుంది.

అందుకని కీమో రోజు, ఆ తర్వాత రెండు రోజులు, ఆవిడకి ప్రాణమైన వంట ఏదీ చేయొద్దు. గుత్తివంకాయ కావచ్చు, పెసరట్టు కావచ్చు, దాన్ని మూడో వారానికి దాచండి. ఆ మూడు రోజులూ ఇడ్లీ, ఉప్మా, బ్రెడ్డు, పెరుగన్నం, అంటే పోయినా పెద్దగా బాధపడనివే పెట్టండి. ఆసుపత్రికి ఆవిడ మామూలుగా తినని ఏదో ఒక రుచి బిళ్ల తీసుకెళ్లి, టిఫిన్ అయ్యాక మందు మొదలయ్యే ముందు నోట్లో వేసుకోమనండి. సూది గొట్టాన్ని సెలైన్‌తో కడిగేటప్పుడు నోట్లోకి వచ్చే ఆ పాడు రుచికి కూడా బిళ్ల పనికొస్తుంది.

నోటి చేదు పోవడానికని కొందరు పెద్దవాళ్లు వక్కపొడి, కిళ్లీ అడుగుతారు. దయచేసి ఇవ్వొద్దు. వక్క ఒక్కటే, పొగాకు లేకపోయినా, క్యాన్సర్ కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. దాని బదులు యాలక్కాయ, సోంపు, లవంగం, చిన్న అల్లం ముక్క ఉప్పులో అద్ది. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే మాత్రం అల్లం ఎక్కువగా తీసుకునే ముందు డాక్టర్‌ని అడగండి.

ఎంత తినాలి అని అడిగారు. 54 కిలోలకి రోజుకి సుమారు 1,350 నుంచి 1,600 క్యాలరీలు, 65 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ మన లక్ష్యం. కిడ్నీ సమస్య ఉంటే ఈ లెక్క మారుతుంది. ప్రొటీన్ అంకె చూసి భయపడొద్దు. రెండు గుడ్లలో 12 గ్రాములు, పాలు పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లలో 13 దాకా, కప్పున్నర పప్పులో 10, గుప్పెడు వేరుశనగపప్పులో 7, 50 గ్రాముల పనీర్‌లో 9, ఇక అన్నం, టిఫిన్లలో 15 వస్తాయి. లక్ష్యం దగ్గరికి వచ్చేశాం. కానీ ఈ నోటితో ఇవన్నీ కూర్చుని తినడం కష్టం, అందుకని పొడులుగా మార్చండి. పుట్నాల పొడి, వేరుశనగ పొడి, నువ్వుల పొడి, కందిపొడి కారం తగ్గించి కొట్టిపెట్టుకుని అన్నంలో, ఉప్మాలో, మజ్జిగలో రెండేసి చెంచాలు కలపండి. జావలో పాలపొడి రెండు పెద్ద చెంచాలు వేస్తే గ్లాసు పెద్దది కాకుండానే 4 గ్రాముల ప్రొటీన్ పెరుగుతుంది. డబ్బా ప్రొటీన్ పౌడర్లు చాలావరకు వెనీలా తీపితో ఉంటాయి, తీపి వెగటైనవాళ్లు రెండో రోజే వద్దంటారు. కొనేటట్టయితే ఏ రుచీ కలపనిది కొనండి.

మాంసం పడడం లేదంటే బలవంతం వద్దు. కీమోలో చాలామందికి అన్నిటికన్నా ముందు వెగటయ్యేది మాంసమే. గుడ్డు పొరటు, చేప, పప్పు, పనీర్‌తో గడిచిపోతుంది. ఎప్పుడైనా తినాలనిపిస్తే కోడిమాంసాన్ని పెరుగు, నిమ్మరసంలో నానబెట్టి, బాగా ఉడికించి, చల్లారాక పెట్టి చూడండి.

అన్నమే ఇసుకలా ఉంటే అన్నమే పెట్టాలన్న నియమం ఏముంది? మనవాళ్లకి అన్నం తినకపోతే తిననట్టే లెక్క, అక్కడే గొడవంతా వస్తుంది. నెయ్యి ఎక్కువ వేసిన కట్టెపొంగలి, మెత్తటి ఇడ్లీ, ఉగ్గాణి, రాగి సంకటి పల్చటి పప్పుతో, పెసరట్టు ముక్కలు, సేమ్యా ఉప్మా, ఏదైనా తిండే. పూటకి ఇంత అని కాకుండా రెండు గంటలకోసారి అరచేతిలో పట్టేంత. చాలామందికి పొద్దున పూట నోరు కాస్త బాగుంటుంది, కాబట్టి పెద్ద భోజనం పొద్దున్నే పెట్టేయండి. పొద్దున ఎనిమిదింటికి పప్పన్నం తింటే తప్పేం లేదు.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. చద్దన్నం వద్దు. చల్లగా, పుల్లగా ఉండి ఈ నోటికి బాగా పడుతుంది, చాలామంది అడుగుతారు కూడా. కానీ అన్నంలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. రాత్రంతా బయట ఉంటే పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా అది పోదు. మామూలు మనిషి తట్టుకుంటాడేమో కానీ, కీమో అయిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు బాగా తగ్గి ఉన్న మనిషికి అది ప్రమాదం. అప్పుడే వండిన అన్నాన్ని చల్లార్చి, కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు కలిపి ఇవ్వండి, కాస్త నిమ్మరసం పిండితే ఆ పులుపూ వస్తుంది. బయటి పానీపూరీ, కోసి అమ్మే పండ్లు, చెరుకురసం, సగం ఉడికిన గుడ్డు కూడా ఈ నెలల్లో వద్దు. పచ్చిగా వేసే కొత్తిమీర, పుదీనా బాగా కడగాలి.

బంధువుల సలహాల గురించి. పంచదార మానేస్తే క్యాన్సర్ కణం ఆకలితో చచ్చిపోదు. ఒంట్లో ప్రతి కణమూ గ్లూకోజ్ వాడుకుంటుంది, మనం తినకపోతే శరీరం తన కండ కరిగించి మరీ తయారుచేసుకుంటుంది. పోయేది అమ్మగారి బలమే. పాలు మానాల్సిన అవసరం కూడా లేదు. నాలుగు కిలోలు తగ్గిన మనిషికి పథ్యం పెట్టడం అంటే నాకు నిజంగా కోపం వస్తుంది. మంచి మనసుతోనే చెబుతారు, కానీ మంచం మీద ఉన్నది వాళ్లు కాదు. జింక్ తక్కువైతే రుచి తగ్గడం నిజమే, కానీ కీమో వల్ల పోయిన రుచిని జింక్ మాత్రలు తిరిగి తెస్తాయని పరిశోధనల్లో స్పష్టంగా తేలలేదు. పైగా ఎక్కువ మోతాదులో చాలా రోజులు వేస్తే ఒంట్లో రాగి తగ్గి, రక్తకణాలు ఇంకా పడిపోతాయి. డాక్టర్ రాస్తేనే. తిప్పతీగ, కషాయాలు, పసుపు క్యాప్సూల్స్ కూడా సొంతంగా వద్దు. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే వైద్య పత్రికల్లో వచ్చాయి. ఎర్ర మందుని ఒంట్లోంచి బయటికి పంపాల్సింది ఆ కాలేయమే. కూరలో వేసే పసుపుకి ఏ ఇబ్బందీ లేదు.

బరువు ఆరు వారాల్లో 4 కిలోలు, అంటే దాదాపు 7 శాతం తగ్గింది. ఇది వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగే విషయం కాదు, రేపే ఫోన్ చేసి చెప్పండి. మందు మోతాదు ఎత్తు, బరువుల లెక్కతోనే వేస్తారు, వాళ్లకి తెలియాలి. వికారం మాత్రలు వేళకి వేస్తున్నారో లేదో చూడండి. కడుపులో తిప్పుతుంటే ఏ చెంచా పరీక్షా పనిచేయదు. ఆ మాత్రల్లో కొన్ని మలబద్ధకం తెస్తాయి, మూడు రోజులు విరేచనం కాకపోతే ఆకలి ఉండదు. అమ్మగారు మీతో సిగ్గుపడి చెప్పకపోవచ్చు, మీరే అడగండి. 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, నీళ్లు కూడా నిలవకపోయినా, మింగలేకపోయినా అది తిండి సమస్య కాదు, అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లాలి.

రుచి తిరిగొస్తుందా అని అడిగారు. వస్తుంది. కీమో మొత్తం అయ్యాక చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. ఎర్ర మందు నాలుగు సైకిళ్ల తర్వాత సాధారణంగా పాక్లిటాక్సెల్ మొదలుపెడతారు. అప్పుడు రుచి మరోలా మారొచ్చు, మీ నోట్‌బుక్‌లో కొత్త పేజీ తెరవండి. తిరిగొచ్చేటప్పుడు అన్నీ ఒకేసారి రావు. ఒకరోజు ఉప్పు తెలుస్తుంది, ఇంకో వారానికి కాఫీ వాసన మామూలుగా అనిపిస్తుంది. మా నాన్నగారు చివరికి పులుసు అడిగింది ఒక సంక్రాంతి పండక్కి, కనుమ రోజున, తనంతట తానే. నేను గుర్తు చేయలేదు.

ఇంకొకటి, ఇది మీ కోసం. పళ్లెం ముందు పెట్టి "ఇంకొక్క ముద్ద, నా కోసం" అని అనకండి. ఆవిడ మీ కోసం తినాలనే ప్రయత్నిస్తున్నారు, తినలేకపోతున్నందుకు మీకన్నా ఎక్కువ బాధపడుతున్నారు. వార్డులో ఎంతమంది తల్లులు నా చెయ్యి పట్టుకుని "మా అమ్మాయి వండింది పారబోస్తున్నానమ్మా" అని ఏడ్చారో. చిన్న గిన్నెలో కొద్దిగా పెట్టి, పక్కన ఉంచి, మీరు వేరే పని చూసుకోండి. "ఏం తింటావ్" అని అడిగితే ఆకలి లేని మనిషి "ఏమీ వద్దు" అనే అంటారు. "చారన్నమా, పెసరట్టా" అని రెండే అడగండి. తినకపోతే మాట్లాడకుండా తీసేసి, గంట తర్వాత ఇంకోటి పెట్టండి. వంట రోజూ మీరొక్కరే చేయాలని లేదు, వారంలో రెండు రోజులు మీ వాళ్లెవరినైనా చేయమనండి. తిరగ్గొట్టిన పళ్లేలు రోజూ చూడడం ఎవరికైనా కష్టమే.

అమ్మగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. స్టెరాయిడ్ పడిన రోజుల్లో షుగర్ పెరుగుతుంది కాబట్టి, ఉంటే బెల్లం, జావ, కొబ్బరినీళ్ల గురించి చెప్పినవి మార్చాలి. అది, ఆవిడ వాడే మిగతా మందుల పేర్లు, నోట్లో పుండ్లు ఉన్నాయా లేదా, ఈ మూడూ రాయండి. మూడో సైకిల్ తేదీ కూడా చెబితే ఆ వారానికి ఏ రోజు ఏం పెట్టాలో ఇద్దరం కలిసి వేసుకుందాం.